పిల్ల పక్కన కుర్చీ

ఆ హైస్కూల్లో సైన్సు మాస్టారి క్లాసంటే పిల్లలు చెవి కోసుకునేవారు. ఆయనకి జోకుల మాస్టారని పేరు. చాక్‌పీసు విరిగినా జోకే, బెల్లు ఆలస్యమైనా జోకే. "పరమాణువు మీ మెదడు కన్నా చిన్నదర్రా, నమ్మండి" అనేవాడు, క్లాసు గొల్లుమనేది. ఎన్నడూ ఎవరి మీదా చెయ్యి చేసుకున్న మనిషి కాదు. పక్క గదిలో భూగోళం చెప్పే టీచరు గోడ అవతల నుంచే ఆ నవ్వులు విని తనూ నవ్వుకునేది.

టీచరుకీ మాస్టారికీ చుట్టరికం లేదు. అయినా అతను ఆమెను అక్కయ్యా అనేవాడు, అతని భార్య వదినగారూ అనేది. టీచరు భర్త మంచాన పడ్డప్పుడు ఆమె క్లాసులన్నీ నెత్తిన వేసుకున్నది అతనే. ఆసుపత్రికి స్కూటరు మీద తిప్పిందీ అతనే. సూదులకి భయపడే ఆ రోగిని నవ్వించి, నవ్వుతూ ఉండగానే నర్సు చేత సూది గుచ్చించేవాడు. భర్త పోయిన రోజున మాత్రం ఒక్క జోకూ వెయ్యలేదు. ఏడుపు కూడా రాక బిగుసుకుపోయిన ఆమె ముందు కాఫీ గ్లాసు పెట్టి, మాటా పలుకూ లేకుండా నేల మీద కూర్చుండిపోయాడు. ఆ రోజు సంగతి ఆమె జన్మలో మరిచిపోలేదు.

తొమ్మిదో తరగతిలో ఒక అమ్మాయి ఉండేది. తల్లి బజారు మలుపులో బేకరీలో పనిచేసేది. పిల్లకి నత్తి. మాట గొంతు దాకా వచ్చి పెదాల దగ్గర ఇరుక్కునేది. మాస్టారు ఆ పిల్లకో పేరు పెట్టాడు. జవాబు చెప్పడానికి లేస్తే చాలు, "బ్రేకుల బండొచ్చిందర్రా, పక్కకి జరగండి!" అనేవాడు. పిల్లలు అందుకుని "కీఈఈచ్" మని బ్రేకు వేసిన చప్పుడు చేసేవాళ్లు. ఆ అమ్మాయి కూడా నవ్వేది. నవ్వక ఏం చేస్తుంది! ఆ పేరు స్టాఫ్‌రూమ్‌లో అందరికీ తెలుసు, భూగోళం టీచరుకీ తెలుసు. అది తప్పని ఎవరికీ తోచలేదు. కొన్నాళ్లకి ఆ చప్పుడు స్కూలు గేటు దాటి వీధిలో పడింది. సైకిళ్ల మీద పోయే కుర్రాళ్లు ఆ పిల్ల కనిపిస్తే కీచుమనేవాళ్లు. ఇంకొన్నాళ్లకి ఆమె ఇంట్లో కూడా మాట్లాడటం మానేసింది. ఏం కావాలన్నా వేలు పెట్టి చూపించేది.

అంతలో ల్యాబులో ఆ ప్రమాదం జరిగింది.

మాస్టారు బోర్డు మీద బొమ్మ గీస్తున్నాడు. వెనక బల్ల దగ్గర ఆ పిల్ల చేతిలో సీసా జారి యాసిడ్ అరచేతి మీద పడింది. లేచి నిలబడి "మ... మ... మ..." అంది. క్లాసు అలవాటు కొద్దీ కీచుమంది. మాస్టారు వెనక్కి తిరక్కుండానే, "మాస్టారు ఎక్కడికీ పారిపోడమ్మా, నింపాదిగా గేరు వేసుకో" అన్నాడు. అందరూ పకపకా నవ్వారు. నవ్వు సద్దుమణిగేలోపు పక్కనున్న అమ్మాయి ఆ చెయ్యి చూసి కెవ్వుమంది. అప్పుడు మాస్టారు బల్లలు దూకి వచ్చి, ఆ చెయ్యి కుళాయి కింద పట్టి, పిల్లను రెండు చేతుల మీదా మోసుకుంటూ ఆసుపత్రికి పరుగెత్తాడు. చెయ్యి దక్కింది. అరచేతిలో మచ్చ మాత్రం మిగిలింది, ఒక వేలు పూర్తిగా చాపడానికి రాదు.

తల్లి ఫిర్యాదు చేసింది. ఉపాధ్యాయుల ప్రవర్తన చూసే సంఘం విచారణకి పిలిచింది. తేలేదాకా స్కూలుకి రావద్దని మాస్టారికి చెప్పారు.

స్టాఫ్‌రూమ్ అట్టుడికిపోయింది.

"కొట్టాడా, తిట్టాడా? ఓ జోకు వేసినందుకు ఉద్యోగం ఊడగొడతారా?" అన్నాడు లెక్కల మాస్టారు.

"రేపట్నుంచి నవ్వాలన్నా పర్మిషన్ తీసుకోవాలి కాబోలు," అంది పీటీ టీచరు.

భూగోళం టీచరు కూడా తలూపింది. తమ్ముడి తరఫున నిలబడి మాట్లాడాలని, ఏం మాట్లాడాలో కూడా మనసులో అనుకుని పెట్టుకుంది. అలాంటి సమయంలో హెడ్‌మిస్ట్రెస్ తన గదిలోకి పిలిచింది.

"విచారణలో ఆ పిల్ల పక్కన పెద్దవాళ్లు ఒకరు కూర్చోవాలట. తల్లి సాక్షి కాబట్టి కుదరదు. ఎవరు కావాలో పిల్లనే ఎంచుకోమన్నారు."

"ఎవర్ని ఎంచుకుంది?"

"నిన్నే."

"నన్నా? నేను ఆయన మనిషినని స్కూలంతా తెలుసు కదండీ!"

"ఆ పిల్లకీ తెలుసు. ఆ సంగతి సంఘానికీ చెప్పాను. తీర్పులో నీకు ఓటు లేదు, మాట్లాడే పని లేదు. పక్కన కూర్చోవడమే. కాదంటే కాదని చెప్పు, ఇంకొకర్ని చూస్తాం."

కబురు ఎలా చేరిందో గానీ సాయంత్రానికల్లా మాస్టారు ఫోను చేశాడు. గొంతులో ఎప్పటి హుషారు లేదు.

"అక్కయ్యా, నువ్వు వద్దని చెప్పేయ్. నా పక్కన కూర్చోకపోయినా ఫర్వాలేదు. అవతల కూర్చుంటే మాత్రం నేను తట్టుకోలేను."

"చూస్తాన్రా," అంది ఆమె.

"చూడ్డానికేముంది ఇందులో?" అని అతను ఫోను పెట్టేశాడు.

కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం. చివరికి కాదని చెప్పడానికే నిశ్చయించుకుని, మర్నాడు స్కూలు వదిలాక ఆమె బేకరీకి వెళ్లింది. తల్లి వేడి ట్రేలు బయటికి లాగుతోంది. అమ్మాయి కౌంటరు వెనక స్టూలు మీద కూర్చుని, కట్టు ఉన్న చెయ్యి ఒళ్లో పెట్టుకుని, రెండో చేత్తో కవర్లు విప్పుతోంది. టీచర్ని చూడగానే లేచి నిలబడింది.

"కూర్చోమ్మా. ఒక్క మాట అడుగుదామని వచ్చాను. ఇంతమంది ఉండగా నన్నే ఎందుకు ఎంచుకున్నావు?"

పిల్ల తల్లి వైపు చూసింది. తల్లి ట్రే దించి, "నన్ను చూస్తావేం, నీ నోటితో నువ్వే చెప్పు" అంది.

చాలాసేపు పట్టింది. మెడ నరాలు బిగుసుకున్నాయి, కళ్లు గట్టిగా మూసుకుంది. "మీరు... న... నదుల పాఠం చ... చదివించినప్పుడు, కి... కిటికీలోకి చూస్తారు. అ... అయ్యేదాకా."

టీచరుకి గుండెలో కలుక్కుమంది. ఆ పిల్ల చదువుతూ అవస్థ పడుతుంటే మొహమాటమేసి, ఎక్కడ చూడాలో తెలియక ఆమె కిటికీ వైపు తిరిగేది. అంతే. దాన్ని ఈ పిల్ల దయ అనుకుంది. ఆ మాత్రం కూడా ఇంకెవరి దగ్గరా దొరకలేదన్నమాట! కాదని చెబుదామని వచ్చిన మనిషి, "ఆ రోజు నీకంటే ముందే వచ్చి గేటు దగ్గర ఉంటాను" అని మాటిచ్చి ఇంటికి వెళ్లింది.

విచారణ గది మరీ పెద్దదేం కాదు. పొడుగాటి బల్ల, నీళ్ల గ్లాసులు, మోగుతూ తిరిగే ఫ్యాను. బల్లకి అటువైపు ముగ్గురు కూర్చున్నారు. మధ్యలో ఒక మాజీ జడ్జిగారు, నెరిసిన జుట్టు, మెల్లగా మాట్లాడే ఆడమనిషి. ఇటువైపు ఒక పక్క మాస్టారు, ఆయనకి తోడుగా టీచర్ల యూనియన్ నాయకుడు. రెండో పక్క పిల్ల, ఆమె పక్కన భూగోళం టీచరు. మాస్టారు ఒకే ఒక్కసారి ఇటు చూసి తల దించుకున్నాడు.

ముందు తల్లి మాట్లాడింది. "ఆయన చెడ్డవాడని నేననను. నా బిడ్డను చేతుల మీద మోసుకెళ్లాడు, అదీ నిజమే. కానీ పిల్లికి చెలగాటం, ఎలుకకి ప్రాణసంకటం అంటారు చూడండి, అదే అయింది. నా కూతురు నాతో మాట్లాడి ఎన్నాళ్లయిందో!" అని బయటికి వెళ్లిపోయింది.

యూనియన్ నాయకుడు లేచాడు. "పాపని ఇబ్బంది పెట్టడం దేనికండీ? జరిగింది అందరికీ తెలిసిందే. మాస్టారూ అని పిలిచింది, ఆయన వెంటనే తిరగలేదు. పాప మాట్లాడక్కర్లేదు, మేం ఒప్పుకుంటున్నాం."

జడ్జిగారు పిల్లను చూసి, "నీ ఇష్టం తల్లీ. చెప్పాలనుంటే చెప్పు. మాకు తొందర లేదు" అంది.

పిల్ల లేచింది. దెబ్బ తగలని ఆమె చెయ్యి టీచరు చేతి కోసం వెతికింది. టీచరు గట్టిగా పట్టుకుంది. ఈసారి కిటికీ వైపు చూడలేదు, పిల్ల ముఖమే చూస్తూ కూర్చుంది.

"నే... నేను ప... పిలవలేదు. నేను అ... అన్నది, మ... మ..."

ఫ్యాను మోగుతోంది. మ దగ్గర మాట ఇరుక్కుపోయింది. ఆ అవస్థ చూడలేక మాస్టారే, ఎగతాళికి కాదు, సాయం చేద్దామనే, ముందుకు వంగి, "మాస్టారూ అన్నానంటోందండీ" అన్నాడు.

పిల్ల తల అడ్డంగా ఊపింది. ఆయన వైపు తిరిగింది. బుగ్గలు ఎర్రబడ్డాయి.

"మ... మ... మంట."

"మంట, అన్నాను," అంది పిల్ల మళ్లీ. ఈసారి మాట ఎక్కడా ఆగలేదు. "మీ... మీరే మ... మాస్టారూ అనుకున్నారు. త... తర్వాత అందరూ అదే అన్నారు. న... నన్నెవరూ అడగలేదు."

మాస్టారి ముఖంలో రక్తపు చుక్క లేదు. ఏ సందర్భానికైనా ఒక మాట సిద్ధంగా ఉండే మనిషికి మాట దొరకలేదు. చివరికి లేచి నిలబడ్డాడు. యూనియన్ నాయకుడు చొక్కా పట్టి కూర్చోమని లాగినా కూర్చోలేదు.

"ఆ మాట నాకు ఇప్పుడు వినపడిందండీ," అన్నాడు జడ్జిగారితో. "పిల్ల మంట అని అరుస్తుంటే, నేను నా పేరే పిలుస్తోందనుకుని జోకేశాను."

"ఆ పేరు పెట్టి పిలవడం బాగాలేదని ఎప్పుడూ అనిపించలేదా?" అని అడిగింది జడ్జిగారు.

"అందరూ నవ్వేవారండీ. ఈ అమ్మాయీ నవ్వేది. నవ్వుతున్నారు కదా, బాగానే ఉందనుకున్నాను."

తీర్పు వారం తిరక్కుండానే వచ్చింది. ఒక ఏడాది పాటు పాఠం చెప్పకూడదు. ఈలోపు శిక్షణ తీసుకోవాలి. తర్వాత వేరే స్కూల్లో, మొదట్లో ఇంకో టీచరు కూర్చుని చూస్తుండగానే క్లాసు చెప్పాలి. ఆ పిల్ల తనంతట తాను కోరితే తప్ప ఆమెను కలవకూడదు, కబురు పెట్టకూడదు. తల్లికి ఆ తీర్పు చాల్లేదు, శాశ్వతంగా తీసెయ్యాలని ఆమె పట్టుదల. స్టాఫ్‌రూమ్‌కి అదే మరీ ఎక్కువైంది. తమ కోపం ఎవరి మీద చూపించాలో తెలియక భూగోళం టీచరు మీద చూపించారు. ఆమె గదిలోకి వస్తే మాటలు ఆగిపోయేవి. లెక్కల మాస్టారు ఒకసారి ఎటో చూస్తూ, "తిన్నింటి వాసాలు లెక్కపెట్టడమంటే ఇదే" అన్నాడు. ఆమె విన్నది. పిల్లల పేపర్లు దిద్దుకుంటూ కూర్చుంది.

కొన్నాళ్లు ఓర్చుకుని ఒక ఆదివారం మాస్టారి ఇంటికి వెళ్లింది. తలుపు తీసిన అతని భార్య, "రండి టీచరుగారూ" అంది. వదినగారూ అన్న పిలుపు లేదు. ఆ ఒక్క పిలుపూ పోయినందుకు టీచరుకి చెంపదెబ్బ తగిలినట్టయింది.

మాస్టారు బాల్కనీలో కూర్చుని ఉన్నాడు. గడ్డం పెరిగింది.

"కోపంగా ఉందా?" అని అడిగింది ఆమె.

"ఉంది," అన్నాడు. "నువ్వు అవతల కూర్చున్నందుకు ఉంది. ఆ పిల్ల చెయ్యి నువ్వు పట్టుకోవడం చూశాను. బావగారు పోయిన రోజు గుర్తొచ్చింది. ఈవిడ నాకేమీ కాదా అనిపించింది."

"నువ్వు నాకేమీ కాకపోతే అంత కష్టం ఎందుకయ్యేదిరా?"

లోపల గిన్నెలు గట్టిగా చప్పుడవుతున్నాయి.

"క్షమించమని కూడా అడగనివ్వడం లేదక్కయ్యా," అన్నాడతను. "ఆ మాట ఇక్కడ అడ్డుపడి ఉంది." గొంతు చూపించాడు. "పొద్దున లేస్తే అదే, అన్నం ముందు కూర్చుంటే అదే. నువ్వు చెప్పరాదూ? నా మాటగా ఒక్కసారి చెప్పు, చాలు."

ఆమెకి చెప్పాలనే ఉంది. నోటి చివరిదాకా సరేనన్న మాట వచ్చింది కూడా. "చెప్పనురా," అంది. "నువ్వు దించుకోవాలని అది ఆ పిల్ల నెత్తిన పెట్టలేను. తను అడిగిన రోజున చెబుతాను."

అతను తల తిప్పుకున్నాడు. ఆమె వెళ్లబోతుంటే మాత్రం లేచి మెట్ల దాకా వచ్చాడు. "జాగ్రత్త, ఆ మెట్టు ఊగుతోంది," అన్నాడు.

కీచు చప్పుడు స్కూల్లో ఒక్కసారిగా ఆగిపోలేదు. హెడ్‌మిస్ట్రెస్ ఇద్దరు ముగ్గురిని పిలిచి గట్టిగా చెప్పాక మెల్లమెల్లగా తగ్గింది. ఆ పిల్లకి నత్తి పోలేదు. కానీ మళ్లీ మాట్లాడుతోంది. బేకరీలో కౌంటరు దగ్గర నిలబడి, మాట ఆగితే ఆగనిచ్చి, కొనేవాళ్లనే కాచుకోనిస్తోంది. "దీని నోరు ఇప్పుడు మూయించలేకపోతున్నాం" అని తల్లి విసుక్కుంటుంది, విసుక్కుంటూనే మురిసిపోతుంది.

మాస్టారి ఏడాది పూర్తయి, ఊరికి అవతలి కొసనున్న స్కూల్లో చేరాడని తెలిసిన రోజుల్లో, ఒక సాయంత్రం టీచరు బ్రెడ్డు కోసం బేకరీకి వెళ్లింది. పిల్ల కవరు అందిస్తూ, తల వంచుకుని, "మా... మాస్టారు ఎలా ఉన్నారు?" అని అడిగింది.

"పాఠాలు చెబుతున్నారు. ఆయన నీకొక మాట చెప్పుకోవాలని చాలా రోజులుగా చూస్తున్నారు. వింటావా?"

పిల్ల ఆలోచించింది. మచ్చ ఉన్న అరచేతిని గౌనుకి తుడుచుకుంది. "వ... వద్దు," అంది. కాసేపాగి, "ఇ... ఇప్పుడే వద్దు" అంది. "అ... అడిగానని మాత్రం చెప్పండి."

టీచరు దారిలోనే ఆగి మాస్టారికి ఫోను చేసింది. జరిగింది జరిగినట్టు చెప్పింది.

"ఇప్పుడే వద్దు అందా, అసలు వద్దు అందా?"

"ముందు వద్దంది. తర్వాత ఇప్పుడే వద్దంది."

"రెండూ అందన్నమాట," అన్నాడు మాస్టారు. "సరే అక్కయ్యా. తనకి ఎప్పుడు వీలైతే అప్పుడే. ఆదివారం ఇంటికి రా, మీ మరదలు రమ్మంటోంది."