పంచదార డబ్బా మీద చీమ

ఆసుపత్రి గుమ్మంలో పెట్టిన టచ్ స్క్రీన్‌కి బొమ్మలు గీసింది డిజైనరమ్మే. మొదటి పేజీకి తిరిగి రావడానికి ఇల్లు బొమ్మ పెట్టింది. లోకమంతా పెట్టే బొమ్మే కదా అనుకుంది గానీ, ఆసుపత్రి లోకం వేరని ఆమెకేం తెలుసు? మర్నాటికల్లా గోల మొదలైంది. రోగులు ఆ ఇల్లు నొక్కేసి, "ఇంటికి పంపించేస్తున్నారా?" అంటూ నర్సు వెంట పడ్డారు.

"నా ప్రాణం తోడేస్తున్నారమ్మా. ముందా బొమ్మ తీసెయ్," అంది నర్సు.

తీసేసి ఏం పెట్టాలో తోచక కూర్చుంటే, డిజైనరమ్మకి చిన్నప్పటి అమ్మమ్మ వంటిల్లు కళ్లలో మెదిలింది. అమ్మమ్మకి అక్షరం ముక్క రాదు. డబ్బాల మీద గోళ్ల రంగుతో బొమ్మలు గీసుకునేది. కారం డబ్బా మీద నీళ్లు కారే కన్ను, పంచదార డబ్బా మీద చీమ.

"పంచదారని గీస్తే ఉప్పులాగే ఉంటుందే, పిచ్చిమొహమా. దాని దగ్గరికెళ్తే ఏది ఎదురవుతుందో అది గియ్యి," అనేది.

ఆసుపత్రిలో అందరికీ ముందుగా ఎదురయ్యేది గుమ్మం పక్క బల్ల దగ్గర కూర్చునే కళ్లజోడావిడ. డిజైనరమ్మ ఆవిడ బొమ్మే గీసి పెట్టింది. ఇక నర్సు వెంట ఎవరూ పడలేదు.

ఇల్లు బొమ్మని చెరిపెయ్యడానికి మాత్రం ఆమెకి చెయ్యి రాలేదు. దాన్ని తీసుకెళ్లి డిశ్చార్జ్ పేజీకి పెట్టింది. పోయే ముందు వారమంతా ఆసుపత్రి మంచం మీంచి అమ్మమ్మ అడిగింది ఆ ఒక్క మాటే, "ఇంటికెప్పుడే?" అని.