రెండో బిగింపు

నేను ఒక జీనుని. ఇప్పుడు నన్ను మ్యూజియంలో, అద్దాల పెట్టెలో, ఒక చెక్క గుర్రం మీద కూర్చోబెట్టారు. ఇంక నీకేం భయమని మీరనుకోవచ్చు. అమ్మో, అలా అనకండి. పొద్దున్నే హాలు తలుపు తెరుచుకుని బూట్ల చప్పుడైతే చాలు, ఇప్పటికీ నా తోలు బిగుసుకుపోతుంది. ముప్పై ఒక్క ఏళ్ళు ఒక పిరికివాడిని మోశాను మరి. ఆయన ప్రష్యా దేశపు గుర్రపు దళాలకి సేనాధిపతి. ప్రష్యా ఎక్కడుందా అని మ్యాపు తిరగేయకండి, ఇప్పుడది లేదు. ఊళ్ళకి ఊళ్ళు గెలిచి, చివరికి మ్యాపులో పేరు కూడా మిగుల్చుకోలేకపోయింది. మనుషుల వ్యవహారం అంతే లెండి.

నన్ను కుట్టింది హెడ్విగ్ అనే ఆవిడ. ఆవిడ భర్త జీన్లు కుట్టేవాడు. యుద్ధానికి వెళ్ళి, జీను జారి, సొంత దళం గుర్రాల కాళ్ళ కిందే పోయాడు. ఆ కొట్లో కూర్చుని, గట్టి చెక్కకి ఎద్దు తోలు బిగించి కుడుతున్నంతసేపూ ఆవిడది ఒకటే గొణుగుడు. "జారకే తల్లీ. నువ్వు మాత్రం జారకు." ఆ మాట సూదితో పాటే నాలోకి దిగిపోయింది. కత్తులంటే, ఫిరంగులంటే తర్వాత పుట్టాయి భయాలు. నా మొదటి భయం జారడం.

ఎందుకు జారతానంటే, తప్పు నాది కాదు, గుర్రానిది. జీను వేసి పొట్ట కింద పట్టీ లాగేటప్పుడు గుర్రం గాలి పీల్చి పొట్ట ఉబ్బిస్తుంది. పట్టీ బిగిసినట్టే ఉంటుంది. నాలుగు అడుగులు నడిచాక ఆ గాలి వదిలేస్తుంది, పట్టీ మూడు వేళ్ళు పట్టేంత వదులవుతుంది. దొంగ జంతువు! అందుకని కాసేపు నడిపించి మళ్ళీ బిగించాలి. మా దళంలో మొదటి బిగింపు సేవకుడిది, రెండో బిగింపు ఎక్కేవాడిది. ఎంత పెద్ద హోదా వాడైనా సరే, తనే వంగి వేసుకోవాలి.

ఎవాల్ట్ ఫాన్ రోడెన్‌ఫెల్ట్ నా మీద మొదటిసారి ఎక్కినప్పుడు ఆయనకి పంతొమ్మిదేళ్ళు. ఆ రోజే తొలి దాడి. నా రెండు పక్కలా ఏదో గడగడలాడుతుంటే గుర్రం వణుకుతోందనుకున్నాను. గుర్రం శుభ్రంగా గడ్డి నములుతోంది. వణుకుతున్నవి ఆయన మోకాళ్ళు! నా ప్రాణం జారిపోయింది. ఇంత భయపడేవాడితో నేనెలా బతికి బయటపడతానురా భగవంతుడా అనుకున్నాను.

బయటపడ్డాం. ఎలాగంటే, రెండో బిగింపు వంకతో, ఆ రోజు కిందికి దిగి, ఆ తర్వాత ప్రతిసారీ ఎక్కకముందే, ఆయన నా మీద నుదురు ఆనించి, పట్టీ పట్టుకుని, వణుకు తీరేదాకా వణికేవాడు. సేవకుడు యోస్ట్ గుర్రం దుప్పటి దులుపుతున్నట్టు అడ్డంగా పట్టుకుని నిలబడేవాడు. అటువైపు సైనికులకి ఆయన బూట్లు తప్ప ఏమీ కనబడేవి కావు. "మన దొర ఎంత జాగ్రత్తపరుడో" అని వాళ్ళు మెచ్చుకునేవారు. వణుకు తీరాక ఆయన ఎక్కేవాడు. ఎక్కాక మాత్రం వెనక్కి చూసేవాడు కాదు.

అలా ఏడు గుర్రాలు మారాయి, నా తోలుకి పదహారు మాసికలు పడ్డాయి, ఆయన ఛాతీ మీద పతకాలకి చోటు చాలలేదు. హోదా పెరిగితే భయం తగ్గుతుందనుకున్నాను. ఎక్కడ తగ్గుతుంది! పంతొమ్మిదేళ్ళప్పుడు ఒక్క ప్రాణానికి వణికినవాడు, సేనాధిపతి అయ్యాక ఎనిమిది వందల ప్రాణాలకీ వణకాల్సి వచ్చింది. పైగా ఆ వణుకు ఎవరి కంటా పడకూడదు. అది బయటపడిన రోజున తన మాట మీద ఒక్క గుర్రం కదలదని ఆయన నమ్మకం. "యోస్ట్, దుప్పటి సరిగా పట్టుకోవయ్యా" అనేవాడు ప్రతిసారీ, గొంతు తగ్గించి.

ఆ గాలిమర దిబ్బ రోజు చెబుతాను. చెబుతుంటేనే నా కుట్లు వదులవుతున్నాయి.

తెల్లారి చాలాసేపైనా పొగమంచు విడలేదు. ఎదురుగా దిబ్బ, దాని మీద గాలిమర రెక్కల చివర్లు, అంతే కనబడుతున్నాయి. రాజుగారి దగ్గర్నుంచి ఒక దూత వచ్చాడు. ఆ కాలపు షోకు ప్రకారం తలకి తెల్ల పొడి అద్దుకుని, చేతి తొడుగుల మీద మరకైనా లేకుండా ఉన్నాడు. ఆ దిబ్బ మీద వెంటనే దాడి చెయ్యాలన్నాడు.

"అలాగే. ఒక్క నిమిషం, రెండో బిగింపు వేసుకుని ఎక్కుతాను" అన్నాడు మా దొర.

దూత అందరికీ వినబడేట్టు నవ్వాడు. "సేనాధిపతిగారికి పట్టీ వదులైందా, గుండె వదులైందా?"

యోస్ట్ అప్పుడే దుప్పటి విప్పుతున్నాడు. "దొరవారూ, ఆయన మాటకేం గానీ, మీరు..." అనబోయాడు. దొర మొహం ఎర్రబడిపోయింది. దుప్పటి పక్కకి నెట్టి, పట్టీ ముట్టుకోకుండానే నా మీదికెక్కి కూర్చున్నాడు!

అయ్యో, అదీ నేను చూసిన పెద్ద తప్పు. అంతకంటే పెద్దది ఆ వెంటనే జరిగింది. మా దళంలో నాయకుడు చేసిందే అందరూ చేస్తారు, ఎందుకని అడిగే అలవాటు లేదు. దొర రెండో బిగింపు వదిలేశాడు కాబట్టి, ఎనిమిది వందల మందీ వదిలేసి ఎక్కేశారు.

నడక, ఆ తర్వాత పరుగు. కింద గుర్రం గాలి వదిలేసింది, నాకు తెలిసింది. మూడు వేళ్ళ సందు. నేను ఎడమకి ఒరిగాను. హెడ్విగమ్మా, జారుతున్నానమ్మా! వెనక ఎనిమిది వందల గుర్రాలు. ఇక్కడ పడితే ఆయన ఎముక కూడా దొరకదు. ఆయనకీ తెలిసింది. మోకాళ్ళు నన్ను పట్టేశాయి, మొదటి రోజులాగే గడగడా. ఆగితే ముప్పై ఏళ్ళ గుట్టు బయటపడుతుంది. ఆగకపోతే ప్రాణం పోతుంది. పూర్తి దౌడు అందుకోడానికి ఇంకో వంద అడుగులున్నాయనగా ఆయన చెయ్యి పైకెత్తాడు.

దళమంతా ఆగింది. ఆయన దిగాడు. యోస్ట్ వెనక నుంచి తన గుర్రం మీద వచ్చి, వట్టి చేతులు చూపించాడు. "దుప్పటి అక్కడే ఉండిపోయింది దొరవారూ."

"వద్దులే యోస్ట్. చూడనీ."

నా మీద నుదురు ఆనించాడు. అందరూ చూస్తుండగా భుజాల నుంచి మడమల దాకా వణికాడు. తర్వాత తిరిగి, అరవకుండానే, ముందు వరసలకి వినబడేట్టు చెప్పాడు. "నాకు భయంగా ఉంది. ఎప్పుడూ ఉంటుంది. నా పట్టీ వదులైంది, మీవీ వదులయ్యే ఉంటాయి. దిగి చూసుకోండి."

ఒక్కడూ నవ్వలేదు. ఎనిమిది వందల మంది దిగారు. పట్టీలు బిగించే బకిళ్ళ చప్పుడు అటు చివరిదాకా సాగింది. పట్టీ లాగుతూ ఎంతమంది తమ జీనుకి నుదురు ఆనించారో నేను లెక్కపెట్టలేకపోయాను. ముప్పై ఏళ్ళుగా ఇంతమందికి దుప్పటి పట్టేవాళ్ళే లేరన్నమాట!

ఆ సందులోనే పొగమంచు విడింది. గాలిమర కింద, మేం వెళ్ళబోయే దారికి సూటిగా, ఫిరంగులు బారులు తీరి ఉన్నాయి. వాటి ముందు కందకం. మా వెంటే వచ్చిన దూత మొహం తల మీద పొడి కంటే తెల్లబడింది. మా వాళ్ళు పల్లంలోంచి చుట్టు తిరిగి వెనక నుంచి దిబ్బ పట్టుకున్నారు. పదకొండు మంది పోయారు. ఆ పేర్లు దొర బతికినన్నాళ్ళూ అప్పజెప్పేవాడు.

దూత తన పరువు కాపాడుకోడానికి రాజుగారికి ఇంకోలా చెప్పాడు. సేనాధిపతి డేగ చూపుతో మంచులోంచే ఫిరంగులు పసిగట్టాడట! ఇంకో పతకం వచ్చింది. "పట్టీ వదులైంది, భయమేసి ఆగాను" అని దొర నిజం చెబితే విందులో అందరూ ఎంత వినయమో అని చప్పట్లు కొట్టారు. ఆ రోజు అక్కడున్న మా దళం వాళ్ళు మాత్రం ఆ నిజాన్ని బయట ఎవరికీ చెప్పలేదు.

ముసలితనంలో ఆయన మంచం పట్టాడు. ఒక మధ్యాహ్నం నన్ను గదిలోకి తెమ్మన్నాడు. ముసలి యోస్ట్ రొప్పుతూ మోసుకొచ్చి, పెద్ద దిండుని మంచం మీద ఆయన పక్కన పెట్టి, నన్ను దాని మీదేసి పట్టీ లాగాడు. అలవాటుగా మొదటి రంధ్రం దగ్గర ఆపాడు.

"రెండోది నేను వేసుకుంటాను" అన్నాడు దొర.

పక్కకి ఒత్తిగిలి నా మీద నుదురు ఆనించి, బకిలు పట్టుకున్నాడు. వణుకు నాకు తెలుస్తూనే ఉంది. యోస్ట్ గుమ్మానికి అడ్డంగా దుప్పటి పట్టుకుని నిలబడ్డాడు. చాలాసేపటికి వణుకు ఆగిపోయింది. చెయ్యి మాత్రం బకిలు మీదే ఉండిపోయింది.

నా పెట్టె కింద ఇత్తడి పలక మీద "భయమెరుగని సేనాధిపతి జీను" అని రాశారు. వచ్చినవాళ్ళంతా అది చదివి వెళ్ళిపోతారు. నా పట్టీ ఇంకా మొదటి రంధ్రం దగ్గరే ఉంది.