ఇరవై మూడో వాయి

ఆ నాచు కంపెనీలో అతన్ని అందరూ ముక్కు అని పిలిచేవారు. కన్నవాళ్ళు పెట్టిన పేరు జీతం కాగితం మీద తప్ప ఇంకెక్కడా వినపడదు. నాలుగో తరగతిలోనే బడికి దణ్ణం పెట్టేసిన మనిషికి అన్నం పెట్టింది ఆ ముక్కే కాబట్టి అతనూ ఏమీ అనుకోలేదు.

పెరట్లో పెద్దపెద్ద తొట్లలో పచ్చనాచు పెంచుతారు. గుడ్డలో వడగట్టి, ముద్ద చేసి, సన్నటి పోగులుగా వత్తి, పళ్ళేల మీద పరిచి వేడిగదిలో ఎండబెడతారు. తర్వాత పొడి కొట్టి బిళ్ళలు చేస్తారు. ఒక విడతకి ఎండినది ఒక వాయి, ఏడాదికోసారి లెక్క మళ్ళీ ఒకటి నుంచి. పొడి కొట్టే ముందు ప్రతి వాయీ ముక్కు దగ్గరికి రావాలి. అతను చిటికెడు నాచు అరచేతిలో వేసుకుని, పిడికిలి బిగించి, పది ఊపిరులు లెక్కపెట్టి తెరుస్తాడు. ఒంటి వేడికి నాచు తన గుట్టంతా కక్కేస్తుంది. తడిగడ్డి వాసన వస్తే పుస్తకంలో సున్నా చుడతాడు. చచ్చిన చేప వాసన వస్తే అడ్డగీత కొడతాడు. గీత పడ్డ వాయి నేరుగా చెత్తకుప్పకే. యజమాని అడ్డం పడినా చెల్లదు. ఆ షరతు పెట్టింది పాత యజమానే.

ఆయనే ఇంకో షరతు కూడా పెట్టాడు. ముక్కు పని చేసేవాడు వాసన సబ్బు ముట్టకూడదు, పౌడరు పూసుకోకూడదు, ఘాటు పేస్టుతో పళ్ళు తోమకూడదు. ఉప్పూ, ఉత్తి నీళ్ళూ, అంతే. రోజంతా వేడిగదిలో ఉడికే మనిషి ఉత్తి నీళ్ళు పోసుకుంటే ఎలా ఉంటాడో వేరే చెప్పాలా? బస్సులో అతని పక్క సీటు పద్దెనిమిదేళ్ళుగా ఖాళీ. నిలబడైనా ప్రయాణం చేస్తారు గానీ అందులో కూర్చోరు. నలుగురూ చేరే చోటికి వెళ్ళడం అతనే మానేశాడు. వాళ్ళ చేత ముక్కు మూయించడం దేనికని.

పాత యజమాని మంచాన పడ్డాక అల్లుడు వచ్చాడు. వచ్చీ రాగానే గోడంత బొమ్మ అచ్చు వేయించాడు. చెమట వాసన, నోటి దుర్వాసన, అజీర్తి, మూడూ మాయమట. నాచుబిళ్ళ మింగితే చాలట. ఆ బొమ్మ కిందే ముక్కు అన్నం డబ్బా విప్పుకుంటుంటే అల్లుడు చేతిరుమాలు తీశాడు.

"వాసన పోగొట్టే కంపెనీలో వాసన కొట్టే మనిషా! ఎవరైనా చూస్తే నా పరువేం కావాలయ్యా?"

"ఇది పనిలో వాసన బాబూ. మావయ్యగారే సబ్బు వద్దన్నారు."

"ఆయన కాలం అయిపోయింది. రేపటి నుంచి పూటకి రెండు బిళ్ళలు మింగు. ఇదిగో, ఈ సబ్బు రుద్దుకో. వచ్చే నెల దుకాణాలవాళ్ళు వస్తారు. నువ్వు వాళ్ళ ముందు నిలబడి, ఇదంతా బిళ్ళల మహిమ అని చెప్పాలి."

"చేతికి సబ్బు వాసన అంటితే నాచు వాసన తెలీదు బాబూ."

"ముక్కు మొహానికి కదా ఉంది! చేతికి సబ్బు రాస్తే దానికేం రోగం?"

పళ్ళేలు సర్దే ఆవిడ, అందరూ పిన్ని అని పిలిచే మనిషి, కిసుక్కున నవ్వింది. అల్లుడు అటు తిరగ్గానే ఆపేసింది.

ముక్కు సబ్బు రుద్దుకున్నాడు. అది గులాబీ సబ్బు. బిళ్ళలకి నాలుక పచ్చబడిందే తప్ప ఇంకేం కాలేదు. సబ్బు మాత్రం తన పని తాను చేసింది. నాలుగో రోజు బస్సులో ఎవరో పెద్దాయన వచ్చి పక్కన కూర్చున్నాడు. కూర్చోవడమే కాదు, కునుకు తీసి భుజం మీద తల కూడా వాల్చాడు. దిగాల్సిన చోటు దాటిపోయినా ముక్కు కదల్లేదు. ఇంట్లో భార్య రెండుసార్లు దగ్గరికొచ్చి, అవసరం లేకుండానే అతని చొక్కా సర్దింది. ఇన్నేళ్ళలో ఎవరూ ఇవ్వనిది ఒక్క సబ్బుబిళ్ళ ఇచ్చిందని అతనికి సంతోషమూ వేసింది, ఒళ్ళు మండేంత కోపమూ వచ్చింది.

పనిలో మాత్రం పిడికిలి తెరిచిన ప్రతిసారీ గులాబీయే. దాని వెనకాల ఎక్కడో గడ్డి ఉన్నట్టే అనిపించేది. ఉండే ఉంటుందిలే అనుకుని సున్నాలు చుట్టుకుంటూ పోయాడు.

నెల తిరిగింది. దుకాణాలవాళ్ళు రేపు వస్తారనగా సెలవు రోజు. పనివాళ్ళకి ఊరికే ఇచ్చిన డబ్బా ఒకటి భార్య అతని ముందు ఠంగుమని పెట్టింది.

"ఉబ్బరం తగ్గుతుందన్నావు కదయ్యా! ఉబ్బరం అలాగే ఉంది. పైగా మూడు రోజుల నుంచి కడుపు కడిగేసినట్టు పోతోంది. మూత తీస్తే చేపల కంపు. నువ్వు మింగేదీ ఇదేనా?"

"నాకు అక్కడ ఇచ్చేది పాత డబ్బా." అతను మూత తీసి, బిళ్ళ నలిపి, పిడికిలి బిగించి తెరిచాడు. "చేపా? నాకేం రావట్లేదే. సబ్బు వాసనే వస్తోంది."

"నీకా రావట్లేదు?" అంది ఆవిడ.

అతను పెరట్లోకి వెళ్ళి ఉప్పూ బూడిదా కలిపి చేతులు తోముకున్నాడు. చర్మం ఎర్రబడి మండేదాకా తోమాడు. మళ్ళీ కడిగాడు, మళ్ళీ తోమాడు. సాయంత్రందాకా ఎండలో కూర్చుని చెమటలు కార్చాడు. అప్పుడు బిళ్ళ నలిపి, పది ఊపిరులు లెక్కపెట్టి, పిడికిలి తెరిచాడు.

చచ్చిన చేప. సందేహం లేదు. డబ్బా అడుగున చూస్తే ఇరవై మూడో వాయి. దానికి సున్నా చుట్టింది తనే. పద్దెనిమిదేళ్ళలో ఒక్క తప్పుడు సున్నా లేదు. మొట్టమొదటిది తన ఇంటికే వచ్చింది, తన ఆలి కడుపులోకే పోయింది.

మర్నాడు స్నానం చెయ్యకుండా కంపెనీకి వెళ్ళాడు. బస్సులో పక్క సీటు మళ్ళీ ఖాళీ.

"ఇరవై మూడో వాయి చెడిపోయింది బాబూ. డబ్బాలు బయటికి పంపకండి" అన్నాడు.

"సున్నా చుట్టింది ఎవరు?"

"నేనే. మీ సబ్బు చేత్తో చుట్టాను."

"పుస్తకంలో సున్నా ఉంది కదా, ఇంకేం! బల్ల మీద పేర్చినవన్నీ ఆ డబ్బాలే. ముందు వెళ్ళి ఒళ్ళు కడుక్కో. కంపు భరించలేకపోతున్నా. వాళ్ళ ముందు నోరు జారావో, రేపటి నుంచి గేటు దగ్గరికి కూడా రావక్కర్లేదు."

ముక్కు ఒళ్ళు కడుక్కోలేదు. వేడిగదిలోకి వెళ్ళి తలుపు వేసుకుని, గంటసేపు నిలబడి ఇంకా చెమట పట్టించుకుని వచ్చాడు.

దుకాణాలవాళ్ళు పదిమంది. అల్లుడు బొమ్మ ముందు నిలబడి ఊదరగొడుతున్నాడు. "పద్దెనిమిదేళ్ళు వాసన కొట్టిన మనిషండీ! మన బిళ్ళలు నెల్లాళ్ళు మింగాడు. ఇప్పుడు మీరే చూడండి!" అంటూ వెనక్కి తిరిగాడు. ముక్కుని చూడకముందే వాసన చూశాడు. ముందు వరసలో ఉన్న లావుపాటాయన రెండడుగులు వెనక్కి వేశాడు.

"నెల్లాళ్ళూ మింగింది నిజమేనండి" అన్నాడు ముక్కు. "వాసన పోయిందీ నిజమే. కానీ పోగొట్టింది గులాబీ సబ్బు. నిన్నటి నుంచి మానేశాను, ఇదిగో, మళ్ళీ వచ్చేసింది. నాది చెమట. బిందెడు నీళ్ళకి పోతుంది. నేను సిగ్గుపడను. ఇప్పుడు దీన్ని చూడండి."

బల్ల మీద డబ్బా తీసి మూత తిప్పాడు.

"రేయ్!" అన్నాడు అల్లుడు.

"రేయ్ అనండి, ఇంకేమైనా అనండి. అమ్మా, మీరు చెయ్యి పట్టండి." ముందున్న దుకాణం ఆవిడ అరచేతిలో బిళ్ళ నలిపి వేశాడు. "పిడికిలి బిగించండి. పది ఊపిరులు లెక్కపెట్టండి. తెరవండి."

ఆవిడ పిడికిలి తెరిచి తన ముక్కు దగ్గర పెట్టుకుంది. మొహం పక్కకి తిప్పేసి చెయ్యి దూరంగా చాచింది. "ఛీ! ఇదేం చేపండీ!" అంది. పక్కవాళ్ళు ఆ చెయ్యి లాక్కుని మరీ చూశారు.

"ఇది తిన్న నా భార్య మూడు రోజులు పెరట్లోకీ ఇంట్లోకీ తిరిగింది. దీన్ని మంచిదని ఒప్పుకున్నది నేను. తప్పు నాది. ఇప్పుడే దిద్దుకుంటాను." చంకలోని పుస్తకం తెరిచి, ఇరవై మూడో వాయి సున్నా మీద అడ్డగీత కొట్టాడు. కాగితం చిరిగేంత గట్టిగా కొట్టాడు.

"నిన్ను తీసేశాను. ఫో!" అన్నాడు అల్లుడు. గొంతు కీచుమంది.

"తీసెయ్యండి. గీత మాత్రం కొట్టేశాను. దాన్ని తీసే హక్కు మీకు లేదు. అది మీ మావగారి షరతు."

జేబులోంచి సగం అరిగిన గులాబీ సబ్బు తీసి బల్ల మీద పెట్టాడు. పిన్ని ఈసారి నవ్వు ఆపుకోలేదు. చీర కుచ్చెళ్ళు ఎగదోపి, ఇరవై మూడో వాయి డబ్బాలు బుట్టలోకి ఎత్తడం మొదలుపెట్టింది. ఎక్కడికని అల్లుడు అడిగితే, "గీత పడ్డాక ఎక్కడికేంటి బాబూ, చెత్తకుప్పకే" అంది.

ముక్కు గేటు వైపు నడిచాడు. వెనకాలే అడుగులు వినపడ్డాయి. దుకాణం ఆవిడ.

"ఇదిగో, ఏమయ్యా! మంచి వాయి ఏదో చెప్పేవాడివి నువ్వే కదా? చెప్పకుండా పోతావేం? నువ్వు చూస్తే తప్ప నేను ఒక్క డబ్బా కూడా తీసుకోను. లోపల అదే చెప్పి వచ్చాను."

ముక్కు ఆగాడు. ఆవిడ అతనికి జానెడు దూరంలో నిలబడింది. తన ముక్కు మూసుకోలేదు.

"నేను చూడటం సరే. మీరూ చూడండి" అన్నాడు. "ముందు ఆ చెయ్యి కడుక్కుని రండి. సబ్బు ముట్టుకోకండి."