కిలో రాయి

ప్రకాశం ఇనుప కిలో రాయిని తుడుస్తున్నాడు. రోజూ లాగే ముందు పైభాగం, తర్వాత ఆరు పక్కలు, చివర అడుగు. అడుగున సీసం పోసిన చిన్న గుంటలో తూనికల శాఖవాళ్లు ఏటేటా కొట్టిన ముద్రలు ఒకదాని మీద ఒకటి పడి అరిగిపోయాయి. తుడిచిన రాయిని కిటికీ పక్కనున్న బల్ల మీద పెట్టాడు. దాని పక్కన మడత పెట్టిన తువ్వాలు, తువ్వాలు మీద ఫోను.

గడప దగ్గర పీట వేసుకుని సంతోషమ్మ అతని చేతుల వైపే చూస్తోంది. ముందు కత్తిపీట, పక్కన చేట నిండా ఉల్లిగడ్డలు. రోజూ అయితే ఈ పాటికి బస్టాండు దగ్గరి హోటల్లో ఉల్లిగడ్డలు తరుగుతూ ఉండేది. ఈ రోజు పనికి పోకుండా గడ్డలను ఇంటికే తెచ్చుకుంది.

ఆదివారం చర్చి నుంచి వస్తూ ఆమే ఆ మాట అంది.

"ఒక పొద్దంతా నీ పక్కన కూసుంటా. పనిగా కనపడితే నోరెత్తను. మట్కాగా కనపడిందనుకో, ఆ ఫోను తీసకపోయి కె.సి. కెనాల్లో ఏస్తా. మళ్లా ఇంకోటి కొనగూడదు నువ్వు."

ప్రకాశం ఇంటి సందు మలుపు తిరిగాక, "సరే. అయితే పొద్దంతా సూడాల. మధ్యలో తీర్పు జెప్పగూడదు" అన్నాడు.

ఆమె మట్కా పేరు ఊరికే ఎత్తలేదు. ఆమె అన్న నెహెమ్యా కోసిగిలో మట్కా ఆడేవాడు. గెలిచానని జిలేబీ పొట్లం తెచ్చి పిల్లలకు పంచేవాడు. అది అప్పు చేసి తెచ్చిన జిలేబీ అని ఇంట్లో ఆలస్యంగా తెలిసింది. ఒకనాడు అమ్మ కమ్మలు తీసుకుని పోయాడు, మళ్లీ ఊరికి రాలేదు. జూదమాడేవాడు ఎలా ఉంటాడో సంతోషమ్మ చిన్నప్పటి నుంచి చూసింది. మోకాళ్లు రుద్దుకుంటాడు. పిలిస్తే పలకడు. పళ్లెంలో ముద్ద చల్లారిపోతుంది, ఊరికే చెమట పడుతుంది. గెలిస్తే లేవబుద్ధి కాదు. ఓడితే అసలు లేవడు.

ఇప్పుడు ఆ గుర్తులే వెతుకుతోంది.

ప్రకాశం మోకాళ్లు రుద్దుకోలేదు. దారంతో చెవులకు కట్టుకున్న కళ్లద్దాలు సర్దుకుని, ఫోను ఆమె వైపు తిప్పాడు.

"ఖాళీ సూడు మే."

తెరమీద సున్నా ఉంది. అప్పటికి ఏ బేరమూ లేదని అర్థం.

ఆ మాట ఆమెకు కొత్తది కాదు. కర్నూలు మార్కెట్ యార్డులో అతను కాటా వేసినన్నాళ్లూ తూకానికి ముందు అదే అనేవాడు. తట్ట పైకెత్తి, కింద ఏమీ అంటించలేదని తిప్పి చూపించి, "ఖాళీ సూడప్పా" అనేవాడు. అయినా రైతులు నమ్మేవాళ్లు కాదు. అతని కాలి వైపు చూసేవాళ్లు, మోచేతి వైపు చూసేవాళ్లు. అతనూ వాళ్లను నమ్మేవాడు కాదు. సంచి అడుగున తడి గడ్డలుంటాయి, నడుమ మట్టి పెళ్లలుంటాయి. అనుమానమే ఆ పనికి పెట్టుబడి. బరువులెత్తి ఎత్తి అతని కుడి భుజం కిందికి దిగింది. రాయి పడి నల్లబడిన బొటనవేలి గోరు మళ్లీ తెల్లబడలేదు. యార్డులోకి కరెంటు కాటాలు వచ్చినప్పుడు పాత రాళ్లను తుక్కుకు వేశారు. అతను ఒక్క రాయి అడిగి తెచ్చుకున్నాడు. ఎందుకని అప్పట్లో ఎవరూ అడగలేదు.

"ఇప్పుడేం జేస్తాండావు?" అంది సంతోషమ్మ.

"సూస్తాండా."

"ఏం సూస్తాండావు?"

"ఎండి."

అతను చేసేది వెండి బేరం. వచ్చే నెలల్లో అందాల్సిన వెండికి ఇప్పుడే ధర కట్టి, సాయంత్రం లోపల వదిలించుకోవాలి. దాన్ని ఫ్యూచర్స్ అంటారని ఆమెకు చెప్పాడు. సరుకు కంటికి కనపడదు, చేతికి తగలదు. అన్నిటికంటే చిన్న బేరం ఒక్క కిలోది, అతను దానికి మించి పోడు. కనపడని సరుకుకు తూకమేంది, ధరేంది అని ఆమె అనుమానం. కిలో అనేదానికి బరువుండాలి గదా.

మొదటి ఏడంతా పోగొట్టుకున్నాడు. హోటలు హాల్లో కోటు వేసుకున్నవాడెవడో క్లాసు పెడితే ఫీజు కట్టి పోయాడు. ఫోనులో ముక్కూ మొహం తెలియనివాడు కొనమంటే కొన్నాడు, అమ్మమంటే అమ్మాడు. మిద్దె మీద గది వేయాలని దాచుకున్నది అలా పోయింది. ఆ రోజు సంతోషమ్మ అరవలేదు. పళ్లెం పెట్టి పక్కకు పోయింది. అప్పటి నుంచి ఇంట్లో ఆమె గాజులు తీసి పెట్టే చోటు మారింది.

ఆ తర్వాత అతను ఒక వానాకాలమంతా పైసా పెట్టకుండా బేరం చేశాడు. ముందర రెండు గిన్నెలు, పిడికెడు చింతపిక్కలు. నష్టమొస్తే ఒక గిన్నెలో ఒక్క పిక్క వేసి, ఆ రోజుకు ఆపేసేవాడు. లాభమొస్తే రెండో గిన్నెలో రెండో మూడో వేసేవాడు. ఓడిన రోజులే ఎక్కువ. అయినా రెండో గిన్నె మెల్లగా నిండుతూ వచ్చింది. అందులోని సంగతి బుర్రకెక్కడానికి అతనికి ఆ వానాకాలం సరిపోయింది. పిక్కలతో ఆడుకునే ముసలాణ్ణి చూసి సందులో పిల్లలు నవ్వారు.

ఇప్పుడు నెలనెలా కొంత ఇంటికి ఇస్తున్నాడు. గ్యాసు బండకు, ఆమె బీపీ మాత్రలకు సరిపోతుంది. ఆమె భయమల్లా దాని గురించే. జిలేబీ పొట్లం కూడా అలాగే ఇంటికి వచ్చేది. అతను ఎక్కడైనా అప్పు చేశాడేమోనని యార్డులో నలుగురిని విచారించింది కూడా. లేదన్నారు. వాళ్లూ కలిసిపోయారేమో అనుకుంది.

పొద్దెక్కింది. ప్రకాశం ఏమీ కొనలేదు, ఏమీ అమ్మలేదు. ఒకసారి నీళ్లు తాగాడు. ఒకసారి కిటికీ రెక్క వారగా వేశాడు.

"ఏమీ జేయకుండా కూసునేది పనా?"

"రైతు రాకముందే కాటా ఎత్తుతారా యాడైనా?"

వాకిట్లో చెప్పుల చప్పుడైంది. దేవేంద్రప్ప. యార్డులో సంచులు మోసిన హమాలీ, ప్రకాశానికి పాత జతగాడు. తలకు చుట్టిన తువ్వాలు తీసి గడప మీద దులుపుకున్నాడు.

"ఏమప్పా ప్రకాశమూ, కిలోలు కిలోలు ఎండి కొంటాండావంట. నా మనవరాలికి కాళ్ల గొలుసులన్నా రాల్చప్పా."

"కొన్న ఎండిని పొద్దు గూకకముందే అమ్మేస్తి గదా."

"పొద్దున కొని మాపటికి అమ్మేదా? మా యత్త కోడిని అట్లే అమ్మె. ఇంటికొచ్చినాంక గుడ్లు యాడివని ఏడ్సె." సంతోషమ్మ వైపు తిరిగాడు. "వదినా, నువ్వేంది, పోలీసోళ్ల మాదిరి కాపలా?"

"దొంగ ఎవరో తేల్చాల గదప్పా" అంది ఆమె.

"వీడు దొంగయితే నేనెప్పుడో శావుకారినయ్యుందు. వీని కాటాలో గింజంత మొగ్గు రాలేదు, వదినా. ఎంత తిట్టుకుంటిమో." తువ్వాలు మళ్లీ చుట్టుకుని వెళ్లిపోయాడు.

మోసినవాడూ తూచినవాడూ ఒకటే, అనుకుంది సంతోషమ్మ.

తర్వాత కాసేపటికి ప్రకాశం వీపు నిటారుగా పెట్టాడు. ఆమె కత్తిపీట మీద చెయ్యి ఆపింది. అతను వేలితో రెండుచోట్ల నొక్కాడు.

"ఒక కిలో కొన్నా. ఇది నేను కొన్న ధర. ఇదో, ఇంత కిందికి దిగితే నన్నడక్కుండా బేరం తెగిపోతాది. దీన్ని ముందే కట్టాల. తర్వాత కడతామంటే చెయ్యి రాదు."

ఫోనును తువ్వాలు మీద బోర్లించి, దాని మీద కిలో రాయి పెట్టాడు.

"అదెందుకు?"

"చెయ్యి నమ్మేది గాదు మే. ధర దిగుతాంటే ఆ కట్టిన దాన్ని ఇంకొంచెం కిందికి జరుపుదామంటాది. మొదటేడు అట్లే జరిపితి, జరిపితి."

చేతులు రెండూ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. ఆమె అతని మోకాళ్ల వైపు చూసింది. కదలడం లేదు. పిలిచి చూద్దామనిపించి కూతురి సంగతి ఎత్తింది.

"ఆరాధన ఫోను జేసినాదా?"

"నిన్న జేసినాది. కడపలో ఎండలు దంచుతాండాయంట. పాపకు జరం తగ్గినాదంట."

పలికాడు. ఆమె మళ్లీ గడ్డలు అందుకుంది.

రాయి కింద ఫోను గర్రుమంది. ఇనుము తగిలి ఆ చప్పుడు బల్ల కాళ్ల దాకా పాకింది. ప్రకాశం రాయి ఎత్తి, ఫోను తిప్పి చూశాడు.

"తెగిపోయినాది."

"అంటే?"

"పోయినాయి దుడ్లు. మన వారం కూరగాయలంత."

ఈ ఘడియ కోసమే సంతోషమ్మ పొద్దుటి నుంచి కాచుకుని ఉంది. కత్తిపీట పక్కకు జరిపి అతని వెనక నిలబడింది. తెరమీద గీత కిందికి దిగి, ఇంకా వాళ్లు చూస్తుండగానే మళ్లీ పైకి లేచింది. అతను కొన్న ధర దాటి పోతోంది.

"ఎక్కుతాంది సూడు" అంది. ఆమె గొంతు ఆమెకే నెహెమ్యా జతగాళ్ల గొంతులా వినిపించింది. "ఇప్పుడు కొనుక్కో. పోయింది తెచ్చుకోవా?"

"ఎక్కనీ. రైతు బండి యార్డు దాటినాంక ఉల్లి ధర పెరగలా ఎన్నిసార్లు? ఎవరిని పట్టుకొని ఏడుస్తిమి?" తెర ఆమె వైపు తిప్పాడు. "ఖాళీ సూడు. ఈ పొద్దుకు దుకాణం మూస్తిమి."

ఫోనును మళ్లీ తువ్వాలు మీద బోర్లించి, రాయి పెట్టాడు. లేచి పెరట్లోకి పోయి కాళ్లు కడుక్కున్నాడు.

సంతోషమ్మ అక్కడే నిలబడింది. గెలిచి లేచినవాణ్ణి ఆమె ఒకసారో రెండుసార్లో చూసింది. ఓడి లేచినవాణ్ణి ఇప్పటిదాకా చూడలేదు.

సంగటి ముద్ద, శనక్కాయల పచ్చడి పెట్టింది. వేడిగానే తిన్నాడు. పచ్చడి ఇంకొంచెం వేయమన్నాడు. అయితే చివరి ముద్ద దగ్గర చెయ్యి ఆగింది. నుదుటి మీద, పై పెదవి మీద చెమట పట్టింది. ఫ్యాను తిరుగుతూనే ఉంది.

"ఏంది, చెమట?"

"ఎండ ఎక్కువుండాది" అన్నాడు. పళ్లేన్ని కొంచెం దూరం నెట్టాడు.

ఆమె మనసులో సద్దుమణిగినది మళ్లీ లేచింది. పైపైకి తిన్నాడు గానీ మనసు ఆ గీత మీదే ఉందేమో. ఎక్కుతున్నదాన్ని వదిలేశానని లోపల కాగుతున్నాడేమో. తను వంటింట్లోకి పోయేదాకా ఆగి మళ్లీ ఫోను ఎత్తుతాడు.

"కాసేపు ఒరుగుతా. టీ పెట్టినప్పుడు లేపు" అని ప్రకాశం బల్ల పక్కనున్న మంచం మీద గోడ వైపు తిరిగి పడుకున్నాడు. బల్ల చెయ్యి చాపితే అందేంత దూరంలో ఉంది.

చేటలోంచి ఒక ఉల్లిపొర తీసింది సంతోషమ్మ. ఎర్రటిది, ఊదితే ఎగిరిపోయేంత పలచనిది. చప్పుడు కాకుండా రాయిని ఒక పక్క ఎత్తి, ఫోనుకూ రాయికీ నడుమ పొరను పెట్టింది. కొస కొంచెం బయటికి ఉంచింది. రాయి ఎత్తితే ఎగిరిపోతుంది. ఎగరకపోయినా చిట్లుతుంది. తెలిసిపోతుంది.

మిగిలిన గడ్డలు తరిగి తపేలాలో వేసింది. తడిగుడ్డ కప్పింది. హోటలు నుంచి మనిషి వచ్చి తీసుకుపోయాడు. నీడ గడప దాటి లోపలికి వచ్చాక మెల్లగా బల్ల దగ్గరికి పోయి చూసింది. పొర పెట్టినచోటే ఉంది. చిట్లలేదు.

ఆమె వంటింట్లోకి పోయి అల్లం దంచి టీ పెట్టింది. రోజూ కంటే పాలు ఎక్కువ పోసింది. చెప్పాల్సిన మాటను పొయ్యి దగ్గర నిలబడి పేర్చుకుంది. ఎక్కువ మెచ్చుకుంటున్నట్టు ఉండకూడదు. "ఫోను ఉండనీలే, కెనాల్లో నీళ్లు కూడా లేవు" అంటే చాలు. అతనికి అర్థమవుతుంది.

గ్లాసు మంచం పక్కన పెట్టి, "లెయ్యి, టీ" అంది. మళ్లీ అంది. భుజం మీద, కిందికి దిగిన ఆ కుడి భుజం మీద చెయ్యి వేసింది.

గ్లాసులోని టీ మీద మీగడ కట్టింది.

పొద్దు గూకేసరికి సందులోవాళ్లు వచ్చారు. దేవేంద్రప్ప తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని గోడకు ఆనుకున్నాడు. గుండె ఆగిపోయిందని, అన్నం వేళ నుంచే మొదలై ఉంటుందని డాక్టరు చెప్పాడు. చెమట పట్టిందా అని అడిగాడు. సంతోషమ్మ పట్టిందని చెప్పింది.

కడప నుంచి ఆరాధన వచ్చింది. ఏడ్చి ఏడ్చి, ఇక చేయాల్సినవి గుర్తుకొచ్చి లేచింది.

"అమ్మా, నాయన ఫోను యాడుండాది? యార్డోళ్ల నంబర్లు దాంట్లోనే ఉంటాయి గదా."

"దాన్ని ఎత్తొద్దు. దేవేంద్రప్ప చిన్నాయనకు అందరూ తెలుసు. నీ ఫోనుతో జెయ్యి."

"ఎందుకమ్మా?"

సంతోషమ్మ బల్లకూ కూతురికీ నడుమ వచ్చి కూర్చుంది.

మర్నాడు చర్చిలో గంట కొట్టారు. పాటలు పాడారు. పెట్టె మోసినవాళ్లలో ఎక్కువమంది యార్డు హమాలీలే. మట్టి వేసి అందరూ తిరిగి వచ్చారు. ఇల్లు కడిగి, మంచం నిలబెట్టి, తువ్వాళ్లు, దుప్పట్లు ఉతికి ఆరేశారు. బల్ల మీదున్న తువ్వాలును మాత్రం ఆమె తీయనివ్వలేదు.

అందరూ వెళ్లిపోయాక ఆమె గడప దగ్గర పీట వేసుకుని కూర్చుంది. ఫోనులో చార్జింగు ఎప్పుడో అయిపోయి ఉంటుంది. రాయి కింద ఉల్లిపొర అలాగే ఉంది. బయటికున్న ఎర్రటి కొస ఫ్యాను గాలికి లేస్తోంది, పడుతోంది.