రూతుకి రాని జ్వరం

అత్తగారి ఊరంటే ఎజ్రాకి మొదటినుంచీ భయమే. మారేడుమిల్లి దాటాక కొండల మధ్య ఉంటుంది. వానాకాలమంతా అక్కడ మలేరియా. రామచంద్రపురంలో పుట్టి, అక్కడే గుమాస్తా ఉద్యోగం చేసుకుంటున్న ఎజ్రాకి ఆ జ్వరం ఎప్పుడూ రాలేదు. ఆగస్టులో కొత్త చర్చి ప్రతిష్ఠకి వెళ్ళినప్పుడు, ఉన్నన్ని రోజులూ పొడుగు చేతుల చొక్కా వదల్లేదు. చీకటి పడగానే దోమతెరలో దూరేవాడు.

అది చూసి భార్య రూతు నవ్వేది. ఆమె పుట్టి పెరిగింది ఆ ఊళ్ళోనే.

"చిన్నప్పుడు వానలు మొదలైతే నాకు చలిజ్వరం ఖాయమండీ. వచ్చి వచ్చి దానికే విసుగు పుట్టింది. పెద్దయ్యాక ఒక్కసారి కూడా మంచాన పడలేదు. మాకేం కాదు, మీరు జాగ్రత్తగా ఉండండి చాలు," అని అరుగు మీద తల్లి సంపూర్ణమ్మ పక్కన చాప పరుచుకుని హాయిగా నిద్రపోయేది.

తిరిగొచ్చాక ఎజ్రా తన నుదుటిని తానే ముట్టి చూసుకునేవాడు. ఆఫీసులో ఒళ్ళు కాస్త బరువుగా అనిపించినా గుండె జారిపోయేది. అతనికేమీ కాలేదు. రెండు వారాలు కావస్తుండగా జ్వరం రూతుకి వచ్చింది.

"వానలో తడిశాను కదండీ, అదే అయ్యుంటుంది," అని మాత్ర వేసుకుంది. మర్నాడు మధ్యాహ్నం రెండు దుప్పట్లు కప్పినా పళ్ళు టకటకా కొట్టుకున్నాయి.

"రక్తం పరీక్ష చేయిద్దాం రూతూ."

"మలేరియా అనుకుంటున్నారా? నాకా?" ఆ వణుకులోనూ నవ్వబోయింది.

అంత ధీమాగా అనేసరికి ఎజ్రా కూడా నమ్మాడు.

ఆ మర్నాడు పొద్దున వంటింట్లోంచి మాడు వాసన వచ్చింది. వెళ్ళి చూస్తే పాలు పొంగి స్టవ్ అంతా కారుతున్నాయి. రూతు వాటినే చూస్తూ నిలబడి ఉంది. పిలిస్తే తిరిగింది. కళ్ళు పచ్చగా ఉన్నాయి.

"మేస్టారూ, బెల్లు కొట్టేశారా?" అంది.

ఎజ్రా స్టవ్ ఆపి పక్కింటికి పరిగెత్తాడు.

పక్కింటి రమేష్ బాబు కారు తీశాడు. మండపేట దాటాక రూతు ఒళ్ళు ఒక్కసారిగా కొయ్యలా బిగుసుకుంది. పళ్ళు గిట్టకరుచుకుపోయాయి. కళ్ళు తేలేసింది. చేతులూ కాళ్ళూ కొట్టుకుంటుంటే ఎజ్రా ఆమె తలని ఒళ్ళో అదిమి పట్టుకున్నాడు. ప్రార్థన చేద్దామంటే ఒక్క మాటా గుర్తు రాలేదు. "ప్రభువా, ప్రభువా," అంటూనే ఉన్నాడు. ముందు వడ్ల లారీ అడ్డంగా ఉంటే రమేష్ బాబు హారన్ మీంచి చెయ్యి తీయలేదు.

రాజమండ్రి ఆసుపత్రిలో హరిచందన అనే డాక్టరు చూసింది.

"ఈమధ్య ఎక్కడికైనా వెళ్ళారా?"

"ఏజెన్సీలో మా అత్తగారి ఊరికి వెళ్ళామండి. కానీ మలేరియా అయ్యుండదండి. తనది ఆ ఊరే. తనకి రాదు."

డాక్టరు తలెత్తి చూసింది. "అక్కణ్ణించి వచ్చేసి ఎన్నాళ్ళయింది?"

"పెళ్ళయినప్పటినుంచీ ఇక్కడేనండి. ఎనిమిదేళ్ళు."

పరీక్షలో మలేరియానే అని తేలింది. రక్తంలో బాగా పెరిగిపోయింది, మెదడు దాకా వెళ్ళింది. ఇంజెక్షన్లు మొదలుపెట్టాక డాక్టరు బయటికొచ్చి చెప్పింది.

"చిన్నప్పటినుంచీ మళ్ళీ మళ్ళీ వస్తుంటే ఒంటికి తట్టుకునే బలం వస్తుందండి. కానీ అది ఎప్పటికీ ఉండదు. ఆ దోమలు కుడుతూ ఉంటేనే నిలబడుతుంది. ఇన్నేళ్ళు దూరంగా ఉంటే చాలావరకు తగ్గిపోతుంది. ఆ ఊరికి ఈవిడా ఇప్పుడు మీలాగే కొత్త."

"బతుకుతుందాండీ?"

"రేపటిదాకా చూడాలండి."

ఫోన్లో సంపూర్ణమ్మ నమ్మలేదు. "మా పిల్లకి మలేరియా ఏంటి బాబూ!" అంది. డాక్టరు చెప్పమన్నట్టుగానే ఎజ్రా ఆవిణ్ణి కూడా పరీక్ష చేయించుకోమన్నాడు. ఊళ్ళో ఆశా కార్యకర్త వేలు పొడిచి చూస్తే ఆవిడకీ ఉంది. జ్వరం లేదు, నలత లేదు. ఆ పూట పొలానికి కూడా వెళ్ళొచ్చిందట. తల్లిని ఏమీ చేయలేక ఊరుకున్న జబ్బు, కూతుర్ని చావు దాకా లాక్కెళ్ళింది. అతను ఐసీయూ తలుపు చూస్తూ కూర్చున్నాడు. అది తెరుచుకున్నప్పుడల్లా నర్సు ముఖంలోకి చూడ్డానికి ధైర్యం చాలేది కాదు.

మర్నాడు మధ్యాహ్నం ఆ నర్సే పిలిచింది. రూతు కళ్ళు తెరిచి ఉంది.

"నాకెందుకొచ్చిందండీ?" అంది నీరసంగా.

ఎజ్రా చెప్పాడు. ఆమె గోడవైపు తిరిగింది. కళ్ళవెంట నీళ్ళు కారాయి.

మాత్రలు వాడడం పూర్తిచేసి సంపూర్ణమ్మ బస్సెక్కి వచ్చింది. వార్డులో కూతురి పక్కన కూర్చుని తల నిమిరింది.

"క్రిస్మస్‌కి వచ్చేయండమ్మా. కోడిని కోసి పెడతాను, ఒళ్ళు తేరుకుంటుంది."

రూతు ఆవిడ చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఎజ్రా ముఖంలోకి చూసింది, మళ్ళీ తల్లి ముఖంలోకి.

"నువ్వే రా అమ్మా," అంది. "నాకు భయమేస్తోంది."