మూడు వారాల కిందటి గొంతు

ముందు గొంతు వస్తుంది. బొమ్మ తర్వాత వస్తుంది.

ఆ గదిలో నెట్ నడక అంతే. పాత ట్యాబ్ తెర మీద తెల్లటి సున్నా గిరగిరా తిరుగుతూనే ఉంటుంది, ఈలోపే ఇయర్‌ఫోన్స్‌లోంచి గొంతు దిగుతుంది. తేనె ఊరే గొంతేం కాదు. కాస్త బొంగురు.

"నేనీ ఇంట్లో ఉండగా నువ్వెలా నవ్వుతావో నేనూ చూస్తాను."

అతను కళ్లు మూసుకుంటాడు.

ప్రాణం లేచి వస్తుంది.

అంత మాటకి ఎవరికైనా ప్రాణం లేచి వస్తుందా అంటే — ఇతనికి వస్తుంది. ఆ గొంతు అతని భార్యది మరి.

ముఖం ఆమెది కాదు. ముఖం సీరియల్లో పెద్దకోడలిది. నిద్రలో కూడా నగలు తియ్యని మనిషి, నుదుటి మీద పాములా మెలికలు తిరిగిన బొట్టు. ఆ నటిది ఎక్కడో వేరే భాష. కెమెరా ముందు తనకొచ్చిన మాటలేవో పెదాలతో అనేసి, కళ్లెర్రజేసి, కారెక్కి వెళ్లిపోతుంది. ఆ పెదాలకి మాట పొయ్యడం ఇతని భార్య పని. డబ్బింగ్ థియేటర్లో, తలుపులేసిన చీకట్లో, మైకు ముందు నిలబడి... అక్కడ పెదవి ముడుచుకుంటే ఇక్కడ మాట ముగియాలి. అక్కడ ఎగశ్వాస అయితే ఇక్కడా ఎగశ్వాసే. నవ్వులు, ఏడుపులు, వెటకారాలు — అన్నీ పెద్దకోడలి లెక్కలోకే పోతాయి.

ఇంట్లో చూస్తేనా, నోట్లో నాలుక లేని మనిషి. కూరగాయల దగ్గర బేరమాడాల్సి వస్తే మొగుణ్ణి ముందుకి తోసేది. అదే మైకు ముందు నిలబెడితే ఇల్లు పీకి పందిరేసేది. అతనేదైనా మాట తప్పితే, "పెద్దకోడల్ని పిలవనా?" అని మెల్లగా అడిగేది. అతను చెవులు మూసుకున్నట్టు నటించేవాడు. ఇద్దరూ నవ్వుకునేవాళ్లు.

అదంతా దేశం కాని దేశానికి రాకముందు.

*

అతను పనిచేసేది బ్రెడ్డు ఫ్యాక్టరీలో.

చీకటితో వెళ్లాలి. పిండి కలిపే యంత్రాల రొద, బెల్టు మీద రేకు డబ్బాల మోత, ఓవెన్ల హోరు. ఎవరి చెవుల్లో వాళ్లు బిరడాలు పెట్టుకుంటారు. మాటలుండవు, సైగలే. పిడికిలి చూపిస్తే ఆపు. అరచెయ్యి ఊపితే ఇంకా కావాలి. బొటనవేలు ఎత్తితే సరే.

తెల్లవారుజాము నుంచి మధ్యాహ్నం దాకా ఒక్క మనిషి మాట చెవిన పడదు.

గదికొస్తాడు. కనుబొమల మీద ఇంకా పిండి. గదిలో సగం వెల్డర్‌ది — రాత్రి షిఫ్టు చేసొచ్చి, తెర దించుకుని, ముసుగు తన్ని పడుకుని ఉంటాడు. అతనిది మరో భాష. ఇద్దరూ కలిసి వచ్చీరాని మూడో భాషలో తింటావా, తిన్నావా దగ్గర ఆగిపోతారు.

కిటికీకి రెండు పొరల అద్దం. బయట ఒక చెట్టు. పేరు తెలియదు. గాలికి విరగబడి ఊగుతుంది... చప్పుడు రాదు.

ఆ వేళకి ఇంటి దగ్గర సాయంత్రమవుతుంది. దీపాలు పెట్టే వేళకి అక్కడ సీరియల్ మొదలు. ఇక్కడ మాత్రం ఎండ నిలువునా ఉంటుంది.

ఒకసారి వెల్డర్ లేచి, భుజం మీంచి తొంగి చూసి, తెర మీది నగలావిణ్ణి వేలితో చూపించాడు. "రోజూ ఈమే. మోజా?"

ఎక్కణ్ణించి మొదలుపెట్టి చెప్పాలి? అతను బొటనవేలు ఎత్తాడు.

వెల్డర్ పకపకా నవ్వి మళ్లీ ముసుగు తన్నాడు.

*

ఫోన్ చెయ్యచ్చుగా, ఈ సీరియల్ గోలేమిటి అంటారా? చేస్తాడు. రోజూ చేస్తాడు.

"తిన్నావా?" "ఆ." "ఏం చేస్తున్నావ్?" "ఏముంది." "ఒంట్లో బాగుందా?" "ఊఁ. మీరు పడుకోండి, మళ్లీ పొద్దున్నే లేవాలి."

ఆమె ఫోన్లో ఎప్పుడూ అంతే. పిసినారి. సీరియల్లో మాత్రం అరగంట... ధారాళంగా. తిట్లే అనుకోండి. అయినా ఆ తిట్ల వెనక్కి చెవి పెడితే ఆమె దొరికేది. ఈరోజు గొంతు బరువుగా ఉంది — నిద్ర లేదు. ఈరోజు మాట తేలిగ్గా ఉంది — అక్క వచ్చి వెళ్లినట్టుంది. మొగుడు కాకపోతే ఎవరు పట్టుకుంటారు ఇవన్నీ?

ఒకనాడు పెద్దకోడలికి జలుబు.

ముక్కుతో తిడుతోంది అత్తగార్ని. అతను అప్పటికప్పుడు ఫోన్ చేశాడు. "ఆవిరి పట్టావా? ఫ్యాన్ కింద పడుకోకు. రెండు రోజులు ఆ పనికి వెళ్లకపోతే కొంపలేం మునగవు."

అవతల నవ్వు.

"ఎప్పటి జలుబండీ? అది పోయి మూడు వారాలైంది."

అప్పుడు చెప్పిందామె. ఈ సీరియల్ వాళ్లు ఎప్పుడూ మూడు వారాల సరుకు ముందే చేసి పెట్టుకుంటారట. ఈరోజు అన్న మాట మూడు వారాలకి గానీ టీవీలోకి రాదట.

మొదట్లో అదో వేళాకోళం. అతను ఓదారుస్తాడు, ఆమె మర్చిపోయిన దిగులుకి. గొంతు నొప్పికి మందు చెబుతాడు, మానిపోయిన నొప్పికి. "మీ మందు బస్సు దిగేసరికి రోగం ఊరు దాటిపోతుందండీ" అనేది.

రాను రాను ఆ మాట అనడం మానేసింది. "ఆ, తగ్గింది" అని ఊరుకునేది.

అతను వినడం మానలేదు.

*

రెండేళ్లని వచ్చాడు. రెండేళ్లూ కావచ్చాయి. ఈ చలికాలానికి వచ్చేస్తున్నానని మాటిచ్చాడు. ఆమె పరుపు ఎండబెట్టించానని చెప్పింది, ఎన్నడూ లేంది — అడక్కుండానే.

అప్పుడు జరిగింది ఇది.

ఫోర్‌మన్ రొద మధ్యలో వచ్చి నిలబడ్డాడు. ఓవెన్లని చూపించాడు. ఇతణ్ణి చూపించాడు. భుజం తట్టాడు. రెండు వేళ్లు ఎత్తాడు.

ఇతను బొటనవేలు ఎత్తాడు.

పొద్దుటి నుంచి ఎన్నిసార్లు ఎత్తిన వేలో అది. అలవాటుగా లేచిపోయింది. మధ్యాహ్నం ఆఫీసు గదిలో తలుపులు మూసి విడమరిచి చెబితే అప్పుడు తెలిసింది — ఇంకో రెండేళ్లు. ఓవెన్ల దగ్గర పెద్ద నువ్వే. కాదనాలంటే నెలాఖరులోపు చెప్పు, తర్వాత కుదరదు.

కాదనచ్చు. నోరు తెరిస్తే చాలు.

అనలేదు. ఇన్నాళ్లకి ఒకడు తన భుజం తట్టాడు. ఆ బరువు ఇంకా భుజం మీద ఉంది. అతనికి అది బాగుంది, నిజం చెప్పాలంటే.

ఇంటికి ఫోన్ చేశాడు. "ఉండమంటున్నారు... ఇంకో రెండేళ్లు. సరేనన్నాను."

"సరే" అంది ఆమె.

"సరే అంటే?"

"సరే అంటే సరేనండి. థియేటర్‌కి టైమైంది, వెళ్లాలి."

పెట్టేసింది.

మౌనం అర్ధాంగీకారం అంటారు పెద్దలు. బాగానే ఉంది. మిగతా సగం ఏమిటో వాళ్లు చెప్పలేదు.

ఆ "సరే" తీసుకుని అతను గదంతా తిరిగాడు. అటు తిప్పి విన్నాడు, ఇటు తిప్పి విన్నాడు. కోపమా? విసుగా? నిజంగానే సరేనా? మళ్లీ అడిగితే మళ్లీ "సరే"నే అంటుంది. ఆమె సంగతి తెలియదా?

అప్పుడు తట్టింది — ఫోన్ పెట్టేసి ఆమె వెళ్లింది మైకు ముందుకి.

ఆ పూట గొంతులో అంతా ఉంటుంది. ఫోన్లో దాచుకోగలదు గానీ మైకు ముందు దాచలేదు. మూడు వారాలు ఆగితే వస్తుంది. నెలాఖరుకి ఒక్కరోజు ముందు. ఆ గొంతు బాధపడితే కాదనేస్తాడు, పెట్టె సర్దేస్తాడు. మామూలుగా ఉంటే ఉండిపోతాడు.

పెళ్లాం మనసు కనుక్కోడానికి టీవీ ముందు కాపలా కూర్చున్న మగాణ్ణి ఎక్కడైనా చూశారా?

కూర్చున్నాడు.

*

ఆ మూడు వారాలూ పెద్దకోడలి గొంతు ఎంత బాగుందో.

తిట్టులో కూడా తడి. వెటకారంలో కూడా ఊయల. విషం కలిపిన పాలగ్లాసు తోటికోడలికి అందిస్తూ, "తాగమ్మా" అంది — ఎంత ముద్దుగా అందంటే అతను నవ్వేశాడు. ఒక సీన్లో అయితే రాగం తీసింది కూడా. అతనికి ధైర్యం వచ్చింది. చూశావా, ఏం లేదు, హాయిగా ఉంది.

వింటూ వింటూ ఒకరోజు నవ్వు ఆగిపోయింది.

హాయిగా ఎందుకు ఉండదు? ఇవి ఆ ఫోన్‌కి ముందు చెప్పిన మాటలు. అతను వస్తున్నాడని, పరుపు ఎండబెట్టిస్తూ చెప్పిన మాటలు.

ఫోన్లో అడిగేవాడు. "డబ్బింగ్ ఎలా ఉంది?"

"ఉంది."

బయట చెట్టు ఊగేది. ఆకులన్నీ ఒకేసారి తిరగబడేవి. చప్పుడు రాదు.

*

ఆ రోజు వచ్చింది.

ముఖం కూడా కడుక్కోకుండా కూర్చున్నాడు. వెల్డర్ గురక పెడుతున్నాడు. తెర మీద సున్నా తిరుగుతోంది. ముందు గొంతు వచ్చింది.

ఇంకా ప్రకటనలే అనుకున్నాడు.

ఎవరో అమ్మాయి. చురుగ్గా, గలగలా... గాజులాంటి గొంతు. ఏదో అమ్ముతోంది కాబోలు అనుకున్నాడు. బొమ్మ వచ్చింది. పాము బొట్టు. నగలు. పెద్దకోడలు పెదాలు కదుపుతోంది, ఆ పెదాల్లోంచి ఈ అమ్మాయి మాట్లాడుతోంది.

మంచి గొంతే. వంక పెట్టడానికి లేదు.

అతను సౌండ్ పెంచాడు. ఇంకా పెంచాడు. ఇయర్‌ఫోన్స్ తీసి ఊది మళ్లీ పెట్టుకున్నాడు.

వెల్డర్‌కి మెలకువ వచ్చింది. ఏమిటన్నట్టు చూశాడు. "ఆమె లేదు" అన్నాడు ఇతను, తెర చూపించి. వెల్డర్ తెర వంక చూశాడు. నగలావిడ అక్కడే ఉంది, నిక్షేపంలా. ఇతని వంక చూశాడు. ఏమనుకున్నాడో, లేచి కూర్చున్నాడు, మళ్లీ పడుకోలేదు.

ఫోన్ తీసి ఇంటికి చేశాడు. అవతల మోగుతోంది. మోగింది. మోగింది.

"ఏవండీ."

ఆమె. కాస్త బొంగురుగా.

"విన్నారా?" అంది.

తెలుసన్నమాట, ఈరోజే వస్తుందని. అక్కడ ఆమె కూడా ఎదురుచూస్తూ కూర్చుందన్నమాట.

"ఏమైంది?"

"ఏం లేదండి. ఆ రోజు వెళ్లాను. పెద్దకోడలు నవ్వాలి, అంతే, చిన్న సీను. మళ్లీ మళ్లీ వేశారు. నవ్వు రాలేదు. తర్వాత మాట కూడా రాలేదు. పాపం వాళ్లు మంచినీళ్లిచ్చారు, కూర్చోబెట్టారు. చివరికి ఇంకో అమ్మాయిని పిలిపించారు."

"మళ్లీ వెళ్లలేదా?"

"లేదు."

"మరి రోజూ అడిగితే ఉంది, ఉంది అన్నావు?"

"మానేశానంటే మీరు వినడం మానేస్తారని... ఆ మూడు వారాలైనా ఉంటాయి కదా మీకు అనుకున్నాను."

అతను రోజూ ఈ మంచం మీద కూర్చుని విన్నాడు, నవ్వాడు. అవతల ఇంట్లో ఆమె నోరు మూసుకుని కూర్చుని ఉంది. ఇక్కడ టీవీలో మాట్లాడుతూనే ఉంది.

"వచ్చేస్తాను" అన్నాడు. "రేపు పొద్దున్నే ఫోర్‌మన్‌కి చెప్పేస్తాను. నేను ఉండనని—"

"మళ్లీ మీరే చెప్పేస్తున్నారు" అంది ఆమె.

కోపంగా కాదు. మామూలుగా.

అతను ఆగిపోయాడు.

నిజమే. అప్పుడు ఉంటానన్నదీ తనే, ఇప్పుడు వస్తానంటున్నదీ తనే. ఈ రెండేళ్లలో ఆమె గొంతు ప్రతి మెలికా విన్నాడు. జలుబు విన్నాడు, నిద్రలేమి విన్నాడు. ఒక్కటే అడగలేదు. అడిగి, జవాబు కోసం ఆగలేదు.

"రమ్మంటావా?" అన్నాడు.

అవతల ఊపిరి. తీసుకోవడం, వదలడం... ఎవరి పెదాలకీ సరిపెట్టక్కర్లేని ఊపిరి. మంచం మీద పడి ఉన్న ఇయర్‌ఫోన్స్‌లో ఆ కొత్త అమ్మాయి సన్నగా నవ్వుతోంది.

ఈ ఊపిరి ఇప్పటిది. ఈ క్షణానిది.

అతను ఫోన్ చెవికి ఇంకా దగ్గరగా నొక్కుకున్నాడు. ఆమె పలికేదాకా ఆగాడు — ఆగుతూ ఉన్నాడు...