పాయసం దాకా ఆగని నోరు

ఓణం భోజనానికి ఔసేప్‌ను పిలుద్దామన్నది భార్గవియమ్మే. పిలిచి వచ్చినప్పటినుంచీ ఆవిడకు అన్నం సయించలేదు.

గ్రంథాలయం వెనకున్న స్థలం ఔసేప్‌ది. తను అద్దెకిచ్చే పెళ్లిమంటపానికి వచ్చేవాళ్ల కార్లు పెట్టుకోవడానికి కొన్నాడు. అది ముళ్లకంపలతో, పాములతో నిండిపోతే, కూరగాయలు వేసుకుంటామని చుట్టుపక్కలవాళ్లు అడిగారు. "వేసుకోండి. నేలలో పంట ఉన్నంతకాలం నోరెత్తను. పంట తీసేసిన మర్నాడు నా నేల నాకు కావాలి," అన్నాడు. పచ్చని మొక్కను పీకడం ఔసేప్ ఇంటావంటా లేదు. ఆ మాట మీద నిలబడతాడని అందరికీ తెలుసు.

తలో చెయ్యీ వేశారు. చేపలమ్మే కదీజ చేపలు కడిగిన నీళ్లు తెచ్చి మొక్కలకు పోసేది. ఆ పూట గ్రంథాలయంలో పేపరు చదివేవాళ్లు ముక్కు మూసుకుని చదివేవారు. టీకొట్టు నుంచి వాడేసిన టీపొడి వచ్చేది. గ్రంథాలయ కార్యదర్శి దివాకరన్ బావి నీళ్లిచ్చాడు, నీళ్లకంటే ఎక్కువ ఉపన్యాసాలిచ్చాడు. ఔసేప్ మాత్రం రోడ్డు మీదనుంచి చూసి వెళ్లిపోయేవాడు. చేపల వాసన అతనికి పడదు.

భార్గవియమ్మకు బెండకాయల కంటే మనుషులు ముఖ్యం. వయసులో ఉన్నప్పుడు కొబ్బరిపీచు సంఘంలో తాళ్లు పేనేది. సంఘం మూతబడిన రోజు, "రోజూ కలుసుకుందాంలే" అనుకుంటూ అందరూ గేటు దగ్గర విడిపోయారు. మళ్లీ కలుసుకున్నది లేదు. కొందరిని వాళ్ల చావుల దగ్గరే చూసింది. ఓణానికి కూరగాయలు కోసేస్తే ఈ తోట కూడా సరి అనుకున్నప్పుడల్లా ఆ గేటు గొళ్లెం చప్పుడు చెవిలో వినబడేది.

అందుకే బెండ వరుసల మధ్య కంద పాతింది. కంద ఓణానికి రాదు, క్రిస్మస్‌కి వస్తుంది. కంద పక్కన పసుపు పెట్టింది. అది ఇంకా వెనక. మొన్న వాన తెరిపిచ్చినప్పుడు కంచె పొడుగునా అరటి పిలకలు కూడా నాటింది.

"చేచీ, ఇది తోటా, అద్దెకున్నవాళ్లు ఇల్లు ఖాళీ చెయ్యకుండా పెట్టే పేచీనా?" అంది కదీజ. భార్గవియమ్మను అక్కవరసలో అందరూ చేచీ అనే పిలుస్తారు.

"నువ్వు నీళ్లు పొయ్యి."

సంగతి ఔసేప్‌కి పాయసం వడ్డించాకే చెప్పాలన్నది ఏర్పాటు. నోట్లో తీపి ఉండగా ఎవరూ కాదనలేరని భార్గవియమ్మ నమ్మకం. అప్పటిదాకా నోరు విప్పనని దివాకరన్ చేత బావి గట్టు మీద చెయ్యి పెట్టించి ఒట్టు వేయించుకుంది. అంత చేసీ, గ్రంథాలయం వరండాలో విస్తళ్లు పరిచినప్పుడు అతన్ని ఔసేప్ పక్కనే కూర్చోబెట్టింది.

గుమ్మడి కూర నోట్లో పెట్టుకుని ఔసేప్ తలాడించాడు. "బాగుంది. మన నేలదేనా?"

"గుమ్మడొక్కటేనా చేట్టా," దివాకరన్ గొంతు సవరించుకున్నాడు. "పొట్ల మనదే, అలసంద మనదే. ఇవేం చూశారు, అసలు సరుకు ఇంకా భూమిలోనే ఉంది. కంద ఒక్కోటీ ఏనుగు పాదమంత."

సాంబారు బకెట్టుతో వస్తున్న భార్గవియమ్మ ఉన్నచోటే ఆగిపోయింది.

"కందా?" అన్నాడు ఔసేప్.

"క్రిస్మస్‌కి తీస్తాం. అది తీసినా పసుపు ఉంటుంది. పసుపు తీసినా అరటి..."

కదీజ గబగబా వచ్చి దివాకరన్ విస్తట్లో ఇంత అన్నం కుమ్మరించింది. "తిను. నోట్లో ముద్ద ఉంటేనే నువ్వు అందంగా ఉంటావు."

ఔసేప్ తినడం ఆపాడు. "ఎవరి బుర్ర ఇది?"

అందరి కళ్లూ సాంబారు బకెట్టు వైపు తిరిగాయి.

"చేచీ, అరటి గెలలు ఎప్పుడు కోస్తారు?"

"వచ్చే ఓణానికి."

"గెల కోశాక చెట్టు కొట్టేస్తారుగా. అప్పుడైనా నా నేల ఖాళీ అవుతుందా?"

అవుతుందని ఒక్క అబద్ధం ఆడదామనుకుంది భార్గవియమ్మ. నోరు రాలేదు. "అరటి ఒంటరిగా పోదు ఔసేపూ. తను పోయేసరికి పక్కన పిలకలు మోకాలెత్తు లేచి ఉంటాయి. వాటిని పీకితే పచ్చని పంట పీకినట్టేగా."

"అంటే నేను బతికుండగా ఈ నేల నాకు రాదు."

"నేను బతికుండగా అనుకో. నీకంటే ముందు పోయేదాన్నేగా."

"నీ వాలకం చూస్తే నాకా నమ్మకం లేదు."

పాయసం వడ్డించారు. ఔసేప్ అంతా తిన్నాడు. విస్తరి తనవైపు మడిస్తే భోజనం తృప్తిగా ఉన్నట్టు, అవతలికి మడిస్తే చావింట్లో తిన్నట్టు. తినడం అయిపోయినవాళ్లు కూడా లేవకుండా అతని చేతినే చూస్తున్నారు. ఔసేప్ విస్తరి అంచు పట్టుకున్నాడు. వదిలేశాడు.

"ఇంకొంచెం పాయసం."

అదీ తిన్నాడు. మళ్లీ అంచు పట్టుకుని, "అరటికీ అరటికీ ఎడం ఎంత పెట్టారు?" అన్నాడు.

"నా చేతికర్రంత."

"అంత దగ్గరగానా? గెలలు చీపురుపుల్లల్లా వస్తాయి. మీలో ఒక్కరికీ ఏం తెలీదు." విసుక్కుంటూనే విస్తరిని తనవైపు మడిచి, చెయ్యి కడుక్కోవడానికి లేచాడు.

"చూశారా, నేను చెప్పబట్టే," అన్నాడు దివాకరన్ నోటినిండా అన్నంతో.

మర్నాడు పొద్దున్నే ఔసేప్ ముక్కుకు తువ్వాలు చుట్టుకుని, పార పట్టుకుని వచ్చాడు. అరటి పిలకలన్నీ తీసి ఎడంగా నాటించాడు. అప్పటినుంచి రోజూ వస్తున్నాడు, రోజూ అందరినీ తిడుతున్నాడు. పెళ్లిమంటపం ముందు కార్లు రోడ్డుకు అడ్డంగా నిలబడి జనం గోల పెడితే, "నేలలో పంట ఉంది, నన్నేం చెయ్యమంటారు?" అని వాళ్లతోనూ తగాదాకు దిగుతున్నాడు.

ఒకరోజు ఎండ ఎక్కినా అతను రాలేదు.

"హాయిగా ఉంది చేచీ," అంది కదీజ.

భార్గవియమ్మ బిందె కింద పెట్టేసి తోట గేటు వైపే చూస్తూ నిలబడింది. గొళ్లెం తీసే ఉందో లేదో వెళ్లి చూసింది. రెండు మొక్కలకు నీళ్లు పోసి, మళ్లీ వెళ్లి చూసింది.

"పసుపుకి ఇన్ని నీళ్లు పెట్టింది ఎవరు? బుద్ధుందా?" అని కంచె అవతలనుంచి కేక వినబడ్డాకే బిందె ఎత్తుకుని బావి దగ్గరికి నడిచింది.